మిద్దె మీద సివంగి

ఇప్పుడంటే కుక్కను పొద్దున ఆసుపత్రిలో వదిలిపెట్టి సాయంత్రం పోయి తెచ్చుకుంటున్నారు. మొన్న మా మనవరాలు తన కుక్కకు ఆపరేషన్ చేయించి తెచ్చి, "అయిపోయిందవ్వా, ఇంక పిల్లల బెడద లేదు" అని చేతులు దులుపుకుంది. ఆ రోజుల్లో మా పల్లెలో అలాంటి ఉపాయం ఒకటుందని ఎవరికీ తెలియదు. ఎదకొచ్చిన ఆడకుక్కను కాపాడుకోవాలంటే తలుపు, తాడు, మనిషి, ఇవే ఆధారం. తలుపును అది గీరేస్తుంది, తాడును కొరికేస్తుంది, ఇక మిగిలేది మనిషి. ఆ మనిషిని నేను. (ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ మెడ కాస్త నిక్కుతుంది, ఏమీ అనుకోకండి.)

నేను కర్నూలు పిల్లను. నా పెళ్ళినాటికి కర్నూలు కొత్తగా రాజధాని అయి ఉంది. ఆఫీసులు గుడారాల్లో నడిచేవి, గట్టిగా గాలి వీస్తే గుడారాలే నడిచేవి, అయినా రాజధాని రాజధానే కదా! బద్వేలు దగ్గర పల్లెలో సేద్యం చేసుకునే ఇంటికి కోడలిగా పోతూ ఆ రాజధానినంతా నెత్తిన పెట్టుకుని పోయాను. మా అత్త దాన్ని మొదటి రోజే దించేసింది. నేను మాడబెట్టిన సంగటి చూసి, "మీ రాజదానిలో సంగటి ఇట్లనే కెలుకుతారా పాపా?" అని అడిగింది. అంతే, ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నేను చుట్టాన్నే గానీ ఇంటి మనిషిని కాలేదు. దానికి తోడు ఆ ఊరి కట్టుబాటు ఒకటి. కొత్త కోడలు ఒక బిడ్డ తల్లి అయ్యేదాకా మిద్దె ఎక్కకూడదు. మట్టిమిద్దె మీద మిరపకాయలు ఆరబోసుకునేదీ వడియాలు పెట్టుకునేదీ అత్తలూ ఆడబిడ్డలే. కోడలు వీధికంతా కనబడేలా పైన తిరిగితే ఇంటి మర్యాద కిందికి దిగుతుందట. అందువల్ల మా మిద్దె నాకు కింది నుంచి మాత్రమే తెలుసు.

మా అత్తకు ప్రాణమంతా సివంగి మీద. సివంగి అంటే ఆమె పెంచుకున్న నల్లటి నాటు కుక్క. పేరుకే సివంగి, పిల్లి ఎదురొస్తే పక్కకు తప్పుకుని దారి ఇచ్చేది. అంతకు ముందటి ఈతలో పిల్ల అడ్డం తిరిగి దానికి చావు తప్పి కన్ను లొట్టపోయింది. మా అత్త తిండి మానుకుని పక్కనే కూర్చుని, గంజి పోసి బతికించుకుందట. బద్వేలు నుంచి పిలిపించిన పశువుల డాక్టరు, "ఇంకోసారి కడుపైతే ఇది దక్కదమ్మా" అని తేల్చి చెప్పి పోయాడు.

అహోబిలం తిరునాళ్ళకు మా అత్తామామలు బండి కట్టించిన రోజునే సివంగి ఎదకొచ్చింది. ముందుగా పసిగట్టింది మా ఆయన జేజి, అంటే మా మామకు తల్లి. ఆమె ఆ మాట అనగానే మా అత్త చేతిలోని మూట కింద పెట్టేసింది. "నేను రాను, మీరు పోండి."

"మొక్కు ఎగ్గొడితే నారసింవుడు ఊరకే ఇడుస్తాడా? ఉగ్రంగా ఉండే సామి!" అంది జేజి.

తలుపు చాటున నిలబడి వింటున్న నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో, "నేను చూసుకుంటా అత్తా" అనేశాను. మా అత్త నన్ను తల నుంచి కాలి దాకా ఒకసారి చూసింది. కోపంగా కాదు, దిగులుగా చూసింది. "సంగటి మాడితే ఇంకోటి కెలుక్కోవచ్చు పాపా. ఇది పోతే నాకు ఇంకోటి రాదు" అంది. బండి కదిలి పోయింది గానీ ఆ మాట మాత్రం నా గుండెల్లో కూర్చుండిపోయింది. ఇంట్లో మిగిలింది నేను, జేజి, పొలం పనులున్నాయని ఆగిపోయిన మా ఆయన.

మొదట సివంగిని గింజల కొట్లో పెట్టి గొళ్ళెం వేశాను. లోపల అది, బయట ఊరి కుక్కలన్నీ కలిసి ఎత్తుకున్న రాగానికి జేజి చెవుల్లో దూది పెట్టుకుంది. (ఆమెకు మామూలుగా వినబడేదే సగం.) ఆ గుంపుకు పెద్ద ఒక ఎర్ర కుక్క. ఎప్పటి పోట్లాటలోనో ఒక చెవి పోయింది. వీధి అంతా తనదే అన్నట్టు నడుస్తుందని దానికి పెత్తందారు అని పేరు. ఒక పూట గడిచేసరికి సివంగి తలుపు కింద మట్టి తవ్వి మూతి బయట పెట్టింది. అవతల పెత్తందారు తవ్వుతూనే ఉన్నాడు.

అప్పుడు నా రాజధాని బుర్ర పనిచేసింది. మా ఆయన పాత చారల నిక్కరు తీసి, తోకకు కంత పెట్టి, నడుముకు మొలతాడు గుచ్చి సివంగికి తొడిగాను. అది సిగ్గుపడుతుందనుకున్నాను. అది పడలేదు, మా ఆయన పడ్డాడు. సివంగి పోయి వీధి అరుగు మీద దర్జాగా కూర్చునేసరికి, నీళ్ళకు పోయే ఆడవాళ్ళంతా ఆగి, "ఇది మీ ఇంటాయన నిక్కరు గదమ్మా?" అని నవ్వడమే. ఆ చారలు ఊళ్ళో అందరికీ అంత బాగా తెలుసని నాకేం తెలుసు!

ఇక ఇలా కాదని చివరి ఎత్తు వేశాను. ఆ రోజుల్లో పెద్దవాళ్ళ ఎదుట మొగుడితో పగటిపూట నేరుగా మాట్లాడే అలవాటు లేదు. అందుకని ఆయన ఎదురుగానే కూర్చుని ఉన్నా జేజితో అన్నాను. "జేజీ, దాన్ని మిద్దె మీదికి మోసుకుపోయి ఎక్కించి నిచ్చెన తీసేస్తే, ఏ కుక్క ఎగిరి పోతుందో ఆయన్ని అడుగు."

"అడుగుతాండాది రా" అంది జేజి.

"ఆఁ, నాకూ ఇనబడింది" అని ఆయన లేచి, నిక్కరుతో సహా సివంగిని భుజానేసుకుని నిచ్చెన ఎక్కి, పైన దించి వచ్చాడు. నిచ్చెన తీసి పెరట్లో పడుకోబెట్టాం. పొద్దున, సాయంత్రం ఆయనే ఎక్కి దానికి తిండీ నీళ్ళూ పెట్టి దిగేవాడు. వాకిట్లో కుక్కల గుంపు రానురాను పలచబడింది. అవి ఓడిపోయాయనుకుని నేను గర్వంతో ఉబ్బిపోయాను. అవి దారి వెతుక్కుంటున్నాయని అనుకోలేదు.

అత్తామామలు రావలసిన రోజు మధ్యాహ్నం వంటింట్లో పప్పు ఎనుపుతున్నాను. కుండలో మట్టి రాలింది. వెలుతురు కోసం మిద్దెకు పెట్టిన గవాక్షం నా తల మీదే ఉంది. సివంగి ఆకలికి చూస్తోందేమోనని తలెత్తాను. ఆ కంతలోంచి నన్ను చూస్తున్న ముఖానికి ఒకటే చెవి ఉంది!

నిచ్చెన ఎలా ఎత్తి ఆనించానో, ఎలా ఎక్కానో నాకే తెలియదు. కట్టుబాటూ గుర్తు లేదు, చేతిలో పప్పుగుత్తి ఉన్నదీ గుర్తు లేదు. పైకి చేరి చూస్తే తల తిరిగింది. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా మిద్దెలన్నీ గోడకు గోడ ఆనుకుని ఒకే నేలగా ఉన్నాయి! ఇంటికీ ఇంటికీ మధ్య మోకాలెత్తు పిట్టగోడ, అంతే. చివరి ఇంటికి ఆనించి వేసిన గడ్డివామి కుక్కలకు మెట్లయింది. ఆ ఊళ్ళో పుట్టిన పసిబిడ్డకు కూడా తెలిసిన సంగతి మిద్దె ఎక్కనివ్వని కోడలికి ఎలా తెలుస్తుంది చెప్పండి?

సివంగి ఒక మూలకు ఒదిగి వణుకుతోంది. చుట్టూ కుక్కలు. పెత్తందారు గవాక్షం వదిలి మళ్ళీ దాని దగ్గరికి పోయి, నిక్కరు మొలతాడును పళ్ళతో లాగుతున్నాడు. కానీ ఆ ముడి వేసింది నేను! నా నోట్లోంచి ఎలాంటి కేక వచ్చిందో గానీ కుక్కలన్నీ ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. కొంగు బిగించి పప్పుగుత్తి తిప్పుకుంటూ వాటి వెంట పడ్డాను. ఒక మిద్దె దాటాయి, దాటాను. పక్క మిద్దె మీద ఎవరివో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అవి తొక్కాయి, నేనూ తొక్కాను. అవి తుమ్మాయి, నేనూ తుమ్మాను. కింద వాకిళ్ళలో ఉన్నవాళ్ళు కూడా తుమ్ముతూ తలెత్తి చూశారు. చివరి మిద్దె మీద నేను విసిరిన పప్పుగుత్తి పెత్తందారు మిగిలిన చెవిని రాసుకుంటూ పోయింది. వాడు వామి మీదికి దూకి మళ్ళీ మా వీధి ముఖం చూడలేదు.

వెనక్కి వచ్చి సివంగిని చంకనెత్తుకుని వీధివైపు తిరిగేసరికి, సరిగ్గా మా వాకిట్లో బండి ఆగింది. జుట్టు ఊడి, ముఖమంతా మిరపకారంతో ఎర్రబడి, మిద్దె అంచున నేను. కింద బండిలో నిలబడి మా అత్త. మా అత్త ఒకటే మాట అడిగింది. "కుక్క?"

"నిక్కరు ముడి కూడా ఊడలేదత్తా!" అన్నాను.

నేను కిందికి దిగేసరికే వీధి పెద్దలు ఇద్దరు ముగ్గురు వచ్చేశారు. "ఏందమ్మా ఇది! కొత్త కోడలు పట్టపగలు మిద్దెల మింద ఉరుకుతాంటే చూస్తా ఉండాల్నా?" అన్నారు. తిట్లు తప్పవని తల వంచుకున్నాను. మా అత్త బండి దిగి కొంగు దోపుకుంది. "మీ మొగకుక్కల్ని మీలో ఒక్కరన్నా కట్టేసుకున్నారా అప్పా? మీవి మా మిద్దెక్కితే తప్పు లేదు గానీ, మా కోడలు మా మిద్దెక్కితే తప్పా? పోండి, పోయి మీ కుక్కల్ని కాసుకోండి!" అంది. వచ్చినవాళ్ళు తుమ్ముకుంటూ వెళ్ళిపోయారు. నేను అక్కడే, ఆ వాకిట్లోనే ఏడ్చేశాను. మిరపఘాటు అనుకున్నారు అందరూ. కాదు.

తర్వాత జేజి చాటు చూసి మా ఆయన్ని నిలదీశాను. "మిద్దెలు కలిసుంటాయని నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి చెప్పలేదే?"

"నన్ను ఒక పని అడగడం నీకదే మొదలు. కాదంటే ఎట్ల?" అన్నాడు. (ఇలాంటి మనిషితో కాపురం చేశాను నేను!)

ఆ పైన చాలా వారాలు మా అత్త రోజూ పొద్దున్నే సివంగి కడుపు తడిమేది. నేను మా అత్త ముఖం చూసేదాన్ని. కడుపు పెరగలేదు. ఒకరోజు చెయ్యి తీసేసి, నావైపు తిరిగి, "రేపట్నుంచి మిరపకాయలు నువ్వే ఎక్కి ఆరబొయ్యి పాపా" అంది. అది శిక్షో వరమో పైకి ఎక్కినాక గానీ తెలియలేదు. ఆ గాలి, దూరంగా కనిపించే ఆ కొండలు! నా వెనకే పక్కింటి కొత్త కోడలు ఎక్కింది, తర్వాత ఆ పక్కింటిది. ఏడాది తిరిగేసరికి ఆ కట్టుబాటును గుర్తు పెట్టుకున్నవాళ్ళు లేరు.

సివంగి మళ్ళీ ఈనలేదు. ఎద వచ్చిన ప్రతిసారీ చారల నిక్కరు తొడుక్కుని, ముసలిదై, మా అత్త మంచం కిందే కన్నుమూసింది. అప్పటికే ఊరు దాని పేరు తీసి నాకు పెట్టేసింది. ఇప్పటికీ ఆ పల్లెకు పోతే, "సివంగమ్మ వచ్చింది" అని కుర్చీ వేస్తారు. నేనూ దర్జాగా కూర్చుంటాను. మోకాళ్ళు రెండూ అరిగి, కర్ర లేనిదే అడుగు పడని ఈ సివంగి ఈమధ్య పిల్లి ఎదురొచ్చినా పక్కకు తప్పుకుని దారి ఇస్తోందని మాత్రం వాళ్ళకు చెప్పను.