వీసా రాకూడదని ఒక ప్రార్థన

జాంబియాలో ఒక చిన్న ఊళ్లో నేనూ మా ఆవిడా మిషనరీలం. వినడానికి గంభీరంగా ఉంటుంది గానీ, ఆదివారం పొద్దున్నే రేకుల షెడ్డులో పిల్లల్ని కూర్చోబెట్టి కథలు చెప్పడం, ఎవరు ఎవర్ని గిల్లారో విచారించడం నా పని. మమ్మల్ని పంపింది విజయవాడ పటమటలోని మా చర్చి సంఘమే. వీసా గడువు అయిపోవడంతో మొన్న వేసవిలో అదే పటమటకు తిరిగొచ్చి, మా బావమరిది ఇంటి మేడమీద కొత్త వీసా కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం.

వీసా రావాలని సంఘం మాకోసం శుక్రవారాలు ఉపవాసం ఉండేది. మేమూ ఉండేవాళ్లం. మే నెల విజయవాడలో ఉపవాసం పెద్ద కష్టం కాదు, ఎండకి ఆకలి ఎలాగూ చచ్చిపోతుంది.

మాకు ఏడేళ్ల కూతురు. వచ్చిన కొద్దిరోజులకే, తను మళ్లీ అక్కడికి రానని చెప్పేసింది. ఏడవలేదు, అలగలేదు. "మీరెళ్లండి, నేను మావయ్యా వాళ్లింట్లో ఉంటా" అంది, మాకేదో వెసులుబాటు ఇస్తున్నట్టు. పిల్లలు మర్చిపోతార్లే అనుకున్నాం. పిల్లల పరిచర్యలో అనుభవం ఉన్నవాళ్లం కదా.

వేసవి సెలవుల్లో మా సంఘంలో వీబీఎస్ అని పిల్లల బైబిలు బడి పెడతారు. పిల్లలకి పాటలు, బైబిలు కథలు, మధ్యలో సమోసాలు. ఊళ్లో మిషనరీ ఖాళీగా కనిపిస్తే ఊరుకోరు గనక ఒకరోజు పాఠం నాకప్పగించారు. ప్రార్థన గురించి చెప్పాను. అందుకు నా దగ్గర మూడు అట్టముక్కలుంటాయి. ఆకుపచ్చ అంటే దేవుడు సరే అన్నట్టు, పసుపు అంటే ఆగమన్నట్టు, ఎరుపు అంటే వద్దన్నట్టు. ఎరుపు ఎత్తగానే, ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే ఆయన కొడుకు లేచి, "పోలీసు లేకపోతే ఎల్లిపోవచ్చండి" అన్నాడు. ఎర్ర అట్ట గబుక్కున దించేశాను.

తర్వాత ప్రార్థన అంశాలు. ఎవరికేం కావాలో పిల్లలు లేచి చెబుతారు, చివర ఒకరు అన్నీ కలిపి ప్రార్థన చేస్తారు. పిల్లలు అడిగింది ఏదీ వదలకూడదన్నది నా నియమం. జాంబియాలో మేకపిల్ల జలుబు కోసం కూడా ప్రార్థించినవాణ్ని. ఇక్కడ ఒకరికి అమ్మమ్మ మోకాళ్లు, ఒకరికి సైకిలు. అప్పుడు మా అమ్మాయి లేచింది.

"మా వీసా రాకూడదని ప్రార్థన చేయండి."

పిల్లలెవరూ నవ్వలేదు. వాళ్లకది సైకిలు లాంటిదే. వెనక నిలబడ్డ పాస్టరమ్మగారు మాత్రం, శుక్రవారాలు మానేసిన భోజనాలన్నీ గుర్తొచ్చినట్టు, గోడకేసి చూశారు. క్లాసు నడిపే టీచరు అలవాటు కొద్దీ, "అన్నయ్యగారూ, మీరు ప్రార్థన చేసి ముగించండి" అంది.

కళ్లు మూసుకున్నాను. మోకాళ్లయ్యాయి, సైకిలయింది. మిగిలింది అదొక్కటే. 'నీ చిత్తం జరిగించు' అని దాటేయొచ్చు. కమిటీ మీటింగుల్లో ఇబ్బందైనవన్నీ మేమలాగే దాటిస్తాం. ఒక కన్ను కాస్త తెరిచి చూస్తే, మా అమ్మాయి రెండు కళ్లూ తెరిచి నన్నే చూస్తోంది.

"ప్రభువా, ఈ పాప అడిగినట్టు మా వీసా రాకుండా చూడు" అన్నాను. పిల్లలంతా ఆమెన్ అన్నారు. వీసా రావాలని ప్రార్థించినప్పుడు అంత గట్టి ఆమెన్ నేనెప్పుడూ వినలేదు.

ఇంటికి నడిచొస్తూ, ఇక్కడ నీకంత నచ్చిందేమిటని అడిగాను. ఫ్యానో, మావయ్య బండో చెబుతుందనుకున్నా.

"ఇక్కడ ఆదివారం నువ్వు నా పక్కన కూర్చుంటావు కదా" అంది.

అక్కడ ఆదివారమైతే నా ఒళ్లో ఒకడు, వీపు మీద ఒకమ్మాయి, చేతులకి వేలాడుతూ ఇంకొందరు. మా అమ్మాయి ముందుగా చాపలు పరుస్తుంది, చివర్లో చుడుతుంది. ఇల్లు చేరేదాకా నేను పటమట ట్రాఫిక్కుని చాలా శ్రద్ధగా పరిశీలించాను.

మా ఆవిడకి చెబితే, "పోనీ మానేద్దామా?" అంది. మళ్లీ వస్తామని ఆ షెడ్డు పిల్లలకి మాటిచ్చి వచ్చింది తనే. ఇద్దరం ఆరేసిన బట్టలు తేవడానికి లేచాం.

వీసా వచ్చింది. సంఘం కృతజ్ఞత కూడిక పెట్టి బిర్యానీ వండించింది. మా అమ్మాయి మారు వడ్డించుకుని తిని, నా దగ్గరికొచ్చి, "ఏ రంగు?" అని అడిగింది. సంచీలోంచి ఎర్ర అట్ట తీసిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"పెద్దవాళ్లు అన్నం మానేసి అడిగారు" అంది. "మేము సమోసాలు తిని అడిగాం."

కాదమ్మా అన్నాను. కాదు అని మళ్లీ అన్నాను.

జాంబియాకి తిరిగొచ్చాక, మొన్న ఆదివారం షెడ్డులో ప్రార్థన పాఠం చెప్పబోతే సంచీలో రెండు అట్టలే ఉన్నాయి. మా అమ్మాయి చివరి చాప మీద కూర్చుని చూస్తోంది. ఎర్రది ఏదని నేను అడగలేదు. ఆకుపచ్చతో, పసుపుతో నెట్టుకొచ్చి, పాఠం తొందరగా ముగించి, ఒంటిమీది పిల్లల్ని ఒక్కొక్కర్నీ దించుకుని, చాపలు చుట్టడానికి వెళ్లాను.

అప్పటికే చుట్టేసింది.