అమ్మ వడియాలూ, లంబూ బంతులూ

ఆ రోజుల్లో నేను మైదానంలో ఆడిన క్రికెట్ కంటే మా డాబా మీద వెల్లకిలా పడుకుని ఆడిందే ఎక్కువ. శివరాత్రి వెళ్లిన కొత్తలో, ఎండ ఇంకా ముదరకుండా ఒంటికి హాయిగా తగిలే మధ్యాహ్నాలవి. పని కోసం మావాళ్లు వలసొచ్చిన హిందీవాళ్ల ఊరు పర్సుడీహ్‌లో మా ఇంటి పైనుంచి చూస్తే దూరంగా కార్ఖానా పొగ ఏ తొందరా లేకుండా లేచి ఆకాశంలో కలిసిపోతుండేది. దాన్ని చూస్తూ చూస్తూ నేను ప్రపంచంలోని ఫాస్ట్ బౌలర్లందర్నీ వరసపెట్టి చితక్కొట్టేవాణ్ని. ముఖం మీదికొచ్చిన బంతిని అలవోకగా హుక్ చేస్తే అది ఖర్కాయీ నది దాటి ఆదిత్యపూర్‌లో ఎక్కడో పడేది. (దాన్ని వెతికి తెచ్చివ్వడానికి అవతలి ఒడ్డున ఒక మనిషిని కూడా పెట్టుకున్నాను, ఊహలోనే.) జనం చప్పట్లు కొడుతుంటే నేను కొంచెం సిగ్గుపడుతూ బ్యాటు పైకెత్తేవాణ్ని. ఆ సిగ్గు ఎంత పడాలో కూడా సాధన చేశాను. పదిహేడేళ్లవాడికి అంతకంటే సుఖం ఏముంటుంది చెప్పండి.

చిక్కల్లా నిజం బంతితోనే వచ్చింది. నిదానంగా వేసేవాళ్లను బాగానే ఆడేవాణ్ని. ఫాస్ట్ బౌలరు పరుగు మొదలుపెట్టాడంటే మాత్రం నా కుడికాలు నన్నడక్కుండానే వెనక్కి, లెగ్ సైడుకి బయల్దేరేది. దాని వెంట ఎడమకాలు, వాటి వెంట నేను. బంతి వచ్చేసరికి వికెట్లు ఒకచోట, నేనొకచోట. అటువైపు నిలబడే అంపైరు, "ఆయియే, బైఠియే, చాయ్ పీజియే" అని మర్యాదలు చేసేవాడు. దాంతో జట్టులో నా పేరు 'మెహమాన్' అయిపోయింది. మన భాషలో చుట్టం అన్నమాట. నన్ను అందరికంటే ఎక్కువసార్లు చుట్టరికానికి పంపింది సాక్చి నుంచి వచ్చే లంబూ. తాటిచెట్టంత మనిషి, చాలా మంచివాడు. నా మూడు వికెట్లూ లేపేసి, దగ్గరికొచ్చి, "మాఫ్ కర్నా, మెహమాన్ భాయ్" అని క్షమాపణ చెప్పి భుజం తట్టిపోయేవాడు. అతను తిట్టినా అంత బాధపడేవాణ్ని కాదు.

ఇలా ఉండగా జిల్లా కుర్రాళ్ల జట్టుకి సెలెక్షన్లు జరుగుతాయని తెలిసింది. ఇంకా మూడువారాలుంది. కార్ఖానాలో కాంట్రాక్టు కింద ఫిట్టరు పని చేసే మా నాన్న అన్నం తింటూ తల ఎత్తకుండా తీర్పు చెప్పేశాడు. "ఒరే, అందులో నీ పేరొత్తే ఆడుకో, నానేటీ అన్ను. రాకపోతే ఆ బేటు పక్కనెట్టీసి ఐటీఐలో సేరిపో. మరి మాటాడకు." నేను "ఠీక్ హై, పాపా" అన్నాను. (తెలుగులో అడిగితే హిందీలో జవాబివ్వడం మా తరం పిల్లలకు పట్టుకున్న జబ్బు.) అన్నానే గానీ, బ్యాటు లేకుండా నేనెవరో నాకు తెలియదు. నిజానికి బ్యాటుతోనూ తెలియదనుకోండి, కానీ ఆ సంగతి డాబా మీద పడుకున్నవాడికి ఎవరు చెబుతారు?

మావ చెప్పాడు. మావ అంటే అమ్మకు తమ్ముడు, మాతోనే ఉండేవాడు. ఆదిత్యపూర్‌లో ఇనపకడ్డీలు తీసే చిన్న రోలింగ్ మిల్లులో పని. జన్మలో బ్యాటు ముట్టుకోలేదు. ఒక ఆదివారం నేను మర్చిపోయిన టిఫిను డబ్బా ఇద్దామని మైదానానికి వచ్చి, సరిగ్గా లంబూ నన్ను అవుట్ చేస్తుండగా చూశాడు. నన్ను వెనక ఎక్కించుకుని సైకిలు ఇంటివైపు తొక్కాడు. సందు మొదట్లో దిగి, "నీకు ఆట రాకపోడం కాదురా, భయం. ఆ బంతిని సూసి కాలు ఎనక్కేత్తన్నావు" అన్నాడు. తెలిసిన సంగతే అయినా ఇంకొకరి నోట వింటే చెవులు కాలాయి. "మా మిల్లులో సూడు. ఎర్రగా కాలిన రాడ్డు రోలులోంచి పాములా దూసుకొత్తాది. పట్టకారుతో దాని తల పట్టుకుని, అక్కడే తిరిగి, పక్క రోలులో పెట్టాల. తల కాడ నిలబడ్డోడికి ఏటీ అవ్వదు. భయపడి ఎనక్కి అడుగేసినోడినే మిగతా రాడ్డు సుట్టీసుకుంటాది. భయం ముందుంటాదిరా, పెమాదం ఎనకుంటాది. బంతైనా అంతే."

బంతి అంతేనా కాదా అని వాదించే స్థితిలో నేను లేను. మర్నాటి నుంచి డాబా మీద మావ వైద్యం మొదలైంది. మధ్యాహ్నం డ్యూటీ వారాల్లో పొద్దున్న, పొద్దుటి డ్యూటీ వారాల్లో సాయంత్రం. మెట్ల దగ్గర నిలబడి, నీళ్లలో నానబెట్టిన టెన్నిస్ బంతిని బలమంతా పెట్టి నా మీదికి విసిరేవాడు. బ్యాటు పట్టుకోవచ్చు గానీ తిప్పకూడదు. (తిప్పితే బంతి పక్కింటి వంటింట్లో పడుతుంది, వాళ్లతో మాకు అప్పటికే మాటల్లేవు.) "ముందు కాలు కుదరనీ. బేటు సంగతి తరవాత సూద్దాం" అన్నాడు. మొదటిరోజు ఇరవై బంతులు వేస్తే ఇరవైసార్లూ నా కుడికాలు వెనక్కి పోయింది. మావ నడుం మీద చేతులు వేసుకుని డాబా అంతా కలియజూశాడు. ఆ మూల పాతచీర మీద అమ్మ పెట్టిన పిండి వడియాలు ఎండుతున్నాయి. చీరను రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాక్కొచ్చి, నా మడమల వెనక జానెడు దూరంలో పరిచాడు. "ఇప్పుడెయ్యి, ఎనక్కి" అన్నాడు.

వేశాను. ఏం చెయ్యను, బంతి రాకముందే పోయే కాలాయె. మెత్తగా, చల్లగా, ఏదో తప్పు చేశానన్న సంగతి పాదానికి ముందు తెలిసింది. బట్టలు ఆరెయ్యడానికి అప్పుడే పైకొచ్చిన అమ్మ బకెట్టు కిందపెట్టి, "ఓలమ్మో! తెల్లారకట్ట లెగిసి పెట్టుకున్నాన్రా దేవుడా! నీకు తెలివి లేదు సరే, నీ మావకైనా లేదేటి?" అని మా ఇద్దర్నీ కలిపి కడిగేసింది. అంతటితో వదిలితే మా అమ్మే కాదు. నా కాలికింద అయిదారు వడియాలు కలిసిపోయి ఒకే పెద్ద వడియమైంది, అయిదు వేళ్లతో సహా. దాన్ని పారెయ్యకుండా జాగ్రత్తగా ఎండబెట్టి, రెండ్రోజుల తర్వాత నూనెలో వేయించి, పప్పన్నం పక్కన నా కంచంలో పెట్టింది. "నీ కాలే. నువ్వే తిను" అంది. నూనెలో పొంగి నా పాదం కంటే పెద్దదైంది. బొటనవేలు దగ్గర మొదలుపెట్టి మొత్తం తిన్నాను. నాన్న నవ్వాపుకోలేక మంచినీళ్ల గ్లాసులో మొహం దాచుకున్నాడు. రుచిగానే ఉంది, అది వేరే సంగతి.

ఆ తర్వాత నా కాలికి బుద్ధి రావడం మొదలైంది. ముందు బంతి, వెనక అమ్మ. రెండింట్లో బంతే కాస్త దయగలదని తేలిపోయింది. మొదట్లో కళ్లు మూసుకుని నిలబడ్డాను, తర్వాత తెరుచుకుని నిలబడ్డాను. రెండోవారం చివర్లో ఒక సాయంత్రం బంతి మావ చేతిలోంచి వదలడం, దాని మీది తడి ఎండలో మెరవడం, మెరుస్తూ నా వైపు పెద్దదవుతూ రావడం, అంతా నిదానంగా కనిపించింది. అన్నాళ్లూ పడుకుని కన్న కలలో ఏ రోజూ బంతిని చూడలేదని అప్పుడు తెలిసింది. కలలో ఎప్పుడూ నన్నే చూసుకునేవాణ్ని. బంతి నా పొట్టకు తగిలింది. నేను కదల్లేదు. మావ మెట్ల దగ్గర్నుంచి "ఒరే, నిలబడీసావురా!" అని అరిచాడు.

సెలెక్షన్ల రోజు మావ డ్యూటీ మార్చుకుని నాతో సాక్చి వచ్చాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఓవరు, ఆరు బంతులు. నా వంతు వచ్చేసరికి బంతి ఎవరి చేతిలో ఉందో మీరు ఊహించే ఉంటారు. లంబూ నన్ను చూసి జాలిగా నవ్వి, వెనక్కి నడిచి నడిచి దాదాపు కనబడనంత దూరం పోయాడు. మొదటి బంతి తొడకు తగిలింది. నేను కదల్లేదు. రెండోది డొక్కలో. కదల్లేదు. మూడోది మోచేతి పైన. నొప్పికి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా లోపల ఏదో గొప్ప ఆనందం, నా రెండు కాళ్లూ ఉన్నచోటే ఉన్నాయి! నాలుగోది ఛాతీకి తగిలాక లంబూకే భయం వేసి, "అరే, హట్ నా, మెహమాన్!" అని తప్పుకోమంటూ బతిమాలాడు. అయిదోది భుజం మీద పడింది. అప్పుడు ఎంపిక చేస్తున్న కోచ్ సాబ్ కుర్చీలోంచి లేచి, "బేటా, బల్లా దిఖానే కే లియే లాయే హో క్యా?" అని అరిచాడు. బ్యాటు చూపించడానికి తెచ్చావా అని. అప్పుడు కిందికి చూసుకున్నాను. నిజమే, నా చేతుల్లో బ్యాటుంది! నిలబడాలన్న ధ్యాసలో దాన్ని వాడాలన్న సంగతే పూర్తిగా మర్చిపోయాను. మావ "తరవాత సూద్దాం" అన్న ఆ తరవాత మూడువారాల్లో ఏ రోజూ రాలేదు మరి.

ఆరో బంతికి బ్యాటు అడ్డం పెట్టాను. సరిగ్గా మధ్యలో తగిలింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. బంతి నా కాళ్ల దగ్గర పడి, రెండుసార్లు ఎగిరి, ఆగిపోయింది. దాన్ని ఎంతసేపు చూస్తూ నిలబడ్డానో తెలియదు, కోచ్ సాబ్ "నెక్స్ట్" అని రెండుసార్లు అనాల్సి వచ్చింది. మైదానం మొత్తం మీద చప్పట్లు కొట్టింది మావ ఒక్కడే.

సాయంత్రం పేర్లు చదివారు. నా పేరు లేదు. పరుగు ఒక్కటీ చెయ్యని వాడి పేరు ఎలా ఉంటుంది గానీ, చివరి పేరు చదివేదాకా ఆశ ఉండనే ఉంది. బజారు చివర టీ బడ్డీ దగ్గర బల్ల మీద కూర్చున్నాం. మావ తిడతాడేమో, ఓదారుస్తాడేమో అని చూస్తున్నాను. ఆయన వంగి ప్యాంటు మోకాలి దాకా మడిచాడు. ఇంట్లో కూడా లుంగీ కట్టని మనిషి పిక్కను నేను చూడటం అదే మొదటిసారి. చీలమండ దగ్గర్నుంచి మోకాలి కింద దాకా చర్మం ముడతలు పడి, కాలిన మచ్చ చుట్టుకుని ఉంది. "ఒక్కటంటే ఒక్కటే అడుగేసాన్రా, ఎనక్కి. మళ్లీ నన్ను రాడ్డు కాడికి రానివ్వలేదు. ఇప్పుడు నానట్టుకునేది పట్టకారు కాదు, సల్లారిన రాడ్లు కట్టలు కడతన్నాను" అన్నాడు. టీ ఊదుకుంటూ, "నువ్వు ఆరింటికీ నిలబడ్డావు" అన్నాడు. పేర్లు చదివినప్పుడు రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది. టీ వేడిగా ఉందన్న వంకతో చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాను.

నాన్న తన మాట మీదే ఉన్నాడు, నేను ఐటీఐలో చేరాను. బ్యాటు తలుపు వెనక్కి పోయింది. దానికి నేను అనుకున్నంత దిగులు పడలేదు. దిగులు వేసింది ఒంటి మీది మచ్చలు మానుతున్నప్పుడు. ఐదు దెబ్బలకు ఐదు మచ్చలు. ముందు ఊదారంగు, తర్వాత ఆకుపచ్చ, తర్వాత పసుపు. రోజూ స్నానానికి ముందు గది తలుపు వేసుకుని, అద్దం ముందు నిలబడి ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టుకునేవాణ్ని. కొత్త క్లాసులో పక్కన కూర్చున్నవాడికి చొక్కా తీసి చూపించాలని ఎన్నిసార్లు అనిపించిందో. పదిహేను రోజులకు భుజం మీది చివరి మచ్చ కూడా పోయింది. ఎంత వెతికినా, వేలితో ఎంత నొక్కినా లేదు. "ఏటి సేత్తన్నావురా ఇంతసేపు?" అని అమ్మ బయట్నుంచి తలుపు కొడుతోంది. దెబ్బలు తగ్గిపోయాయని ఏడుపుమొహం పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డ ఆ వెర్రికుర్రాణ్ని తల్చుకుంటే ఈ వయసులో నవ్వొస్తుంది. నవ్వాక కాసేపు వాడిమీద అసూయగా కూడా ఉంటుంది.