ఎదిగే పిల్ల టెన్నిస్ గౌను

ఆ రోజుల్లో ఆడపిల్లకు గౌను కుట్టామంటే ఇద్దరికి కుట్టినట్టే. ఒకతె ఎదురుగా నిలబడి కొలతలిస్తున్న పిల్ల, రెండోది వచ్చే ఏడాదికి అదే ఒంట్లోంచి పొడుచుకొచ్చే పొడుగు పిల్ల. ఆ రెండో పిల్ల కోసం అంచు లోపలికి మడిచి బెత్తెడో జానెడో బట్ట వదిలేవాళ్ళం. వదలకపోతే తల్లులు మమ్మల్ని వదిలేవారు కారు. ఇప్పుడు మా మనవరాలు ఫోనులో ఆడవాళ్ళ టెన్నిస్ పెట్టి, "ఈవిడ గౌను చూడు మామ్మా, ఎంత బావుందో!" అంటే నేను బంతిని చూడను, అంచు చూస్తాను. ఒక్క అంగుళం బట్ట లోపల ఉండదు. ఒక పోటీలో నేరేడుపండు రంగు, ఇంకో పోటీలో నిమ్మకాయ రంగు, పచ్చగడ్డి మీద ఆడేచోట మాత్రం అందరూ బుద్ధిగా తెల్లబట్టలు (ఉతికేవాళ్ళ గోడు ఎవరికీ పట్టదు). వేసిన గౌను మళ్ళీ పోటీలో కనబడదు. ఊళ్ళూ దేశాలూ తిరిగి కష్టపడి సంపాదించే పిల్లలు, ఊరికొక గౌను తగలేస్తుంటే నా మనసు ఒప్పదు. ఐదో తరగతితో బడి మానేసిన ముసలిదానికి టెన్నిస్ గౌన్ల ఊసెందుకని మీరు అడగవచ్చు. రాయగడలో మొట్టమొదటి టెన్నిస్ గౌను కుట్టింది నేనే. కాదని ఎవరైనా రుజువు చేసేదాకా నేనే.

అప్పటికి మా రాయగడ కూడా ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలోనే ఉండేది. నేను కొత్తకోడలిని. కుట్టుపని నేర్చుకున్నానని మా నాన్న ఎక్కడో పాత కుట్టుమిషను కొని పంపించాడు. దాన్ని వీధిగదిలో పెట్టుకుని కూర్చున్నాను గానీ వచ్చేవాళ్ళేరి? చిరిగిన దిండుగలీబులు తప్ప దాని కిందకి కొత్తగుడ్డ వెళ్ళలేదు. మా అత్తమ్మ రోజూ దాని చుట్టూ తుడుస్తూ సణిగేది. "ఈ ఇనప గేదె గదంతా ఆక్రమించేసింది. మేతా మెయ్యదు, పాలూ ఇయ్యదు. దసరాకి గుణుపురం నుంచి మీ వదినొత్తాది. బండెక్కించి పంపించేత్తాను." మా వదినకి, అంటే అత్తమ్మ కూతురికి, కుట్టడం రాదు, దాని మీద గుడ్డ కప్పి బల్లగా వాడుకుంటుందని నాకు తెలుసు. అది తలుచుకుంటే అన్నం దిగేది కాదు.

అలాంటి సమయంలో డాక్టరుగారి అమ్మాయి వచ్చింది. పదిహేనేళ్ళుంటాయేమో, చెరుకుగడలా ఉండేది. ఆఫీసర్ల క్లబ్బులో కొరాపుట్ అమ్మాయితో టెన్నిస్ పోటీ ఉందట. ఇంగ్లీషు పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ ఒకటి నా ముందు పెట్టింది. బొమ్మలో ఎవరో దొరసాని బంతి కొట్టడానికి గాల్లోకి లేచింది. నడుము దగ్గర కుచ్చులు, మోకాళ్ళకి బెత్తెడు పైనే ఆగిపోయిన తెల్లగౌను, కింద నిక్కరుకి లేసు.

"ఇలాంటిది కుట్టగలవా అక్కా? ఈవిడ పెద్ద ఛాంపియన్. ఆడడమే ఈవిడ ఉద్యోగం."

అత్తమ్మ వంగి చూసింది. "ఆడుకున్నందుకు జీతమిత్తారేటి?"

"ఇస్తారండి."

"బావుంది. మరి లోపలేసుకునేదానికి లేసెందుకు? సూసేదెవరు?"

"అందరూ చూస్తారండి, ఎగిరినప్పుడు."

అత్తమ్మ మొహం మిషను కన్నా నల్లబడింది. ఆ పిల్ల గుమ్మం దాటగానే నా వైపు తిరిగింది. "సూడు, కుట్టనొద్దనను. క్లబ్బుకి నానూ వత్తాను. ఆ గుంట మోకాళ్ళు ఊరందరికీ సూపించేవంటే మాత్రం దసరా దాకా ఆగను. మర్నాడే మిషను బండెక్కుద్ది."

పొట్టిగా కుట్టకపోతే పిల్ల తీసుకోదు, కుడితే అత్తమ్మ ఊరుకోదు. రెండు రోజులు ఆలోచించాను. మూడోరోజు బుర్రలో దీపం వెలిగింది. (అది దీపం కాదు, కాగడా అని తరవాత తెలిసింది.) గౌను మోకాళ్ళ కిందికి వచ్చేలా కత్తిరించి, జానెడు బట్ట లోపలికి మడిచి, చుట్టూ లాగితే ఊడొచ్చే కచ్చాకుట్టు వేశాను. చూడడానికి బొమ్మలో ఉన్నంత పొట్టి. అత్తమ్మ అడిగితే, "పొడుగు గౌనే అత్తమ్మా, బట్ట లోపలుంది, ఎదిగే పిల్ల కదా" అనొచ్చు. ఒకే గౌనుతో ఇద్దరి నోళ్ళూ మూయించేశానని నాకు ఎంత గర్వమో! మడత దగ్గర దారం పొదుపు చేద్దామని కుట్లు కూడా దూరదూరంగా వేశాను. ఒకచోట పిడికిలి పట్టేంత సందు ఉండిపోయింది.

పోటీ రోజున క్లబ్బు ముందు ఎర్రమట్టి కోర్టుకి ఒకవైపు కుర్చీల్లో ఆఫీసర్ల భార్యలు, రెండోవైపు చాప మీద అత్తమ్మా నేనూ. తీర్పరి ఒడియా డ్రిల్లు మాస్టారు. టెన్నిస్‌లో ఈల వెయ్యరని ఆయనకి ఎవరూ చెప్పలేదు, ప్రతిదానికీ ఊదేవాడు. మా పిల్ల కోర్టులోకి వచ్చింది. అత్తమ్మ మోకాళ్ళకేసి చూసి, నాకేసి చూసి, కొంగు బిగించి దోపుకుంది. బట్ట లోపలుందని నేను చెప్పబోయేలోపే ఈల మోగింది.

టెన్నిస్‌లో మొదటి బంతి పోతే కొట్టడానికి రెండోది దగ్గర ఉంచుకోవాలి. ఆ దొరసానులు దాన్ని నిక్కరులో దోపుకుంటారట. నేను కుట్టిన నిక్కరులో నిమ్మకాయ కూడా దూరదు, బట్టంతా మడతకే అయిపోయింది మరి. ఆ పిల్ల అటూ ఇటూ తడుముకుని, అంచు దగ్గర సందు కనిపెట్టి, బంతిని అందులో వేసి నాకేసి చెయ్యూపింది. "జేబు భలే పెట్టావక్కా!" నేనూ తల పంకించాను, కావాలనే పెట్టినట్టు.

మొదటి బంతి వలకి కొట్టింది. రెండోదాని కోసం కుడివైపు తడిమితే అది లేదు. మడత చుట్టూ గొట్టంలా ఉంది కదా, బంతి దొర్లుకుంటూ ఎడమవైపు పోయింది. ఎడమవైపు నొక్కితే వెనక్కి పోయింది. చీరలో బల్లి దూరినదానిలా ఆ పిల్ల కోర్టు మధ్య గిర్రున తిరుగుతోంది. మాస్టారు ఈల ఊది, "బల్ కుఆడే గలా?" అని అరిచాడు, బంతి ఎటు పోయిందని.

చాప మీంచి అత్తమ్మ లేచింది. "దాని గౌన్లో ఉందయ్యా! అల్లదిగో, కదుల్తంది సూడు!"

కుర్చీలన్నీ ఘొల్లుమన్నాయి. కొరాపుట్ అమ్మాయి బ్యాటు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మాస్టారు ఇంకో బంతి ఇచ్చి ఆడమన్నాడు. నాలుగు దెబ్బలు బాగానే కొట్టింది. ఐదోదానికి ఎగిరేసరికి కుట్లు పటపటమని తెగి, మడత ఒకవైపు జారి, అందులోంచి బంతి ఊడిపడి కోర్టులో గెంతులేసింది. మళ్ళీ ఈల. "ఈసారికి మళ్ళీ ఆడండి. ఇంకోసారి గౌన్లోంచి ఏదైనా పడిందా, పాయింటు పోతుంది."

ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గౌను ఒకవైపు తొడ మీద, ఒకవైపు పిక్క మీద. నేను మరేమీ ఆలోచించలేదు, కోర్టులోకి పరిగెత్తాను. సూది నా పుస్తెలతాడుకే ఉంది గానీ అంత చుట్టూ కుట్టే వ్యవధి ఎక్కడిది? కచ్చాకుట్టు కొస దొరకబుచ్చుకుని ఒక్క లాగు లాగాను. దారమంతా చేతిలోకి వచ్చింది. మడత మొత్తం జారి, గౌను మోకాళ్ళు దాటి కిందికి దిగింది.

"అక్కా! దీంతో పరిగెత్తడం ఎలా?"

"చీరతో నాను బస్సు ఎనకాల పరిగెత్తట్లేదేటి? నీకేటి, బేగి ఆడమ్మీ!" అన్నాను, కంగారులో ఇంటి యాస వచ్చేసి.

ఆడింది. ఎడమచేత్తో గౌను ఎత్తిపట్టుకుని, నీళ్ళున్న గెడ్డ దాటేదానిలా, కుడిచేత్తో బంతిని బాదింది. గెలిచిందని చెప్పాలని నాకూ ఉంది గానీ ఓడిపోయింది. చివరిదాకా వదలకుండా నవ్వుకుంటూ ఓడింది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది మా అత్తమ్మే. "ఇప్పుడు బావుంది గౌను!"

ఆట అయ్యాక డాక్టరుగారి భార్య తిన్నగా నా దగ్గరికి వచ్చింది. తిట్లు తినడానికి తల వంచుకున్నాను. ఆవిడ వంగి కూతురి గౌను అంచు తిప్పి చూసింది. "ఇంత బట్ట లోపల వదిలావా! మా దర్జీ అరంగుళం వదలడానికి ఏడుస్తాడు." పక్కన ఉన్న ఆవిడని పిలిచింది, ఆవిడ ఇంకొకరిని పిలిచింది. వాళ్ళందరి ఇళ్ళలోనూ నెలకో వేలెడు పెరిగే ఆడపిల్లలే. వారం తిరగకుండా మా వీధిగది బడిగౌన్ల బట్టలతో నిండిపోయింది. టెన్నిస్ గౌను మాత్రం మళ్ళీ ఎవరూ కుట్టమనలేదు.

దసరాకి వదిన వచ్చింది, బండి కూడా మాట్లాడుకుని మరీ వచ్చింది. అత్తమ్మ ఆమెకి వడ్డిస్తూ, నా వైపు చూడకుండానే అంది. "మిషను ఇక్కడే ఉండనీయే. మా కోడలు ఇంకా ఎదిగే పిల్ల."

నేను ఎంత తెలివైనదాన్నంటే, ఆమె నా పొడుగు గురించి అందనుకున్నాను. మర్నాడే గుమ్మానికి వీపు ఆనించి నిలబడి, తల తగిలినచోట సుద్దతో గీత గీసుకున్నాను. ఏడాది పొడుగునా ఎవరూ చూడకుండా కొలుచుకుంటూనే ఉన్నాను. వెంట్రుకవాసి కూడా పెరగలేదు. ఆ మాటకి అర్థం తెలిసేసరికి సగం ఊరికి గౌన్లు కుట్టేశాను, అత్తమ్మ లేదు.

మొన్న దామంజోడిలో ఉద్యోగం చేస్తున్న మనవరాలు, సాయంత్రాలు ఆడడానికి ఫోనులో తెప్పించుకున్న టెన్నిస్ గౌను తెచ్చి నడుము బిగించమంది. తిరగేసి చూస్తే లోపలి నిక్కరుకి చిన్న సంచిలాంటిది ఉంది. "బంతి జేబు మామ్మా!" అంది. ఇన్నాళ్ళకి నేర్చుకున్నారన్నమాట! నడుము బిగించాను గానీ మిగిలిన బట్ట కత్తిరించలేదు, లోపలికి మడిచి కచ్చాకుట్టు వేశాను. (ఈసారి దారం పొదుపు చెయ్యలేదు.)

"మడత ఎందుకు మామ్మా? నాకింక పెరిగే వయసేంటి?"

"ఎదిగే పిల్లవమ్మీ, ఉండనీ" అన్నాను.

నవ్వి, నన్ను గుమ్మం దగ్గరికి లాక్కెళ్ళి పక్కన నిలబెట్టుకుని ఫోటో తీసింది. ఆ సుద్దగీత ఎన్నో సున్నాల కింద ఎప్పుడో పోయింది గానీ ఎక్కడుండేదో నాకు తెలుసు. దానికి ఇప్పుడు రెండు వేళ్ళు కిందికే ఉన్నాను. అత్తమ్మ విప్పి వదిలిన అంచుని వయసు మెల్లగా మళ్ళీ లోపలికి మడుస్తోంది. మడవనీ, బట్టయితే ఎక్కడికీ పోలేదు.