డిస్కుల మీద కుంకుమబొట్లు

మొన్న మా అమ్మాయి కూరెకుప్ప నుంచి ఫోన్ చేసి, పిల్లల ఫోటోలన్నీ ఫోన్‌లోనే పడి ఉన్నాయని, అది ఏ బస్సులోనో పోతే తనకు దిక్కు లేదని, అందుకని వాటిని డిస్కుల మీదికి ఎక్కించి దాచుకోవాలనుకుంటున్నానని, డిస్కులు రాసే రైటర్ ఏది కొనాలో, ఎలాంటి డిస్కులు తేవాలో నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసునని అడిగింది. రేపు చెబుతానని ఫోన్ పెట్టేశాను. మీట నొక్కగానే నిట్టూర్చినట్టు బయటికి జారే ఆ పళ్లెం, మధ్యలో బొక్క ఉన్న మెరిసే బిళ్లలు, అవి తిరిగేటప్పుడు దూరంగా పిండిమర ఆడుతున్నట్టు వచ్చే చప్పుడు మా వయసువాళ్లకు గుర్తుండే ఉంటాయి. నాకు వాటితోపాటు మా అత్త కుడిచేతి ఉంగరపు వేలు కూడా గుర్తుకొస్తుంది.

మా మేనమామకు బళ్లారి బజారులో ఫోటో స్టూడియో ఉండేది. ఫిలిం రోజుల్లో ఆయన నెగటివులను కవర్లలో పెట్టి, పైన ఊరి పేరూ ఇంటిపేరూ రాసి, రేకుల పెట్టెలో వేపాకుల మధ్య దాచేవాడు. తాత పెళ్లి ఫోటో కావాలని మనవడు వచ్చినా తీసి ఇచ్చేవాడు. తర్వాత డిజిటల్ కెమెరాలు వచ్చాయి. ఒక్కో పెళ్లికి వందలకొద్దీ ఫోటోలు తీయడం మొదలై, కంప్యూటర్ మాటిమాటికీ నిండిపోయేది, పాతవి తీసేస్తే గాని కొత్తవాటికి చోటుండేది కాదు. నువ్వు కంప్యూటర్ నేర్చినవాడివి, వీటిని దాచే ఏర్పాటేదో నువ్వే చూడు అని మామ ఆ పని నాకు అప్పగించాడు. ఆ మాటతో నాకు కాస్త గర్వం తలకెక్కిన మాట నిజం.

బెంగళూరు రోడ్డులోని దుకాణంవాడు నా ముందు రెండు రైటర్లు పెట్టాడు. ఒకటి నెమ్మదిగా రాసేది, రెండోది నిమిషాల్లో ముగించేది. డిస్కులూ రెండు రకాలు. ఒక రకం దేని డబ్బాలో అది ఉండి, పైన మందమైన పూతతో గట్టిగా ఉండేది. ఇంకో రకం దారానికి గుచ్చిన వడల్లా ఒక కడ్డీకి దొంతరగా ఉండి, పైన ఉల్లిపొరంత పూత ఉండేది. పాటలకైతే ఈ దొంతరవి చాలు, దాచుకునే వాటికైతే డబ్బాలవి తీసుకో, రాశాక సరిగ్గా రాసిందో లేదో ఒకసారి సరిచూడు, రెండేసి కాపీలు పెట్టు అని అతను చెప్పాడు. నేను తొందరగా రాసే రైటరూ దొంతర డిస్కులూ తెచ్చాను. మామకు ఖర్చు తగ్గిద్దామని కాదు, సాయంత్రం తొందరగా పని ముగించుకుని మిత్రులతో మిర్చీ బజ్జీలు, మండక్కి బొరుగులు తినడానికి పోవాలని. సరిచూడటానికి మళ్లీ అంతసేపు పడుతుందని అదీ మానేశాను. ఒక్క కాపీ రాయడం, కంప్యూటర్‌లోంచి తీసేయడం, డిస్కును మేడమీద రేకుల గదిలో పెట్టడం, ఇదే నా పద్ధతి. బళ్లారి ఎండలో ఆ గది ఎలా ఉండేదో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఏడాది ఆయుధపూజకు కెమెరాలు, లైట్లు, స్టాండ్లు అన్నీ కడిగి తుడిచి వరుసగా పెట్టాం. అత్త కుంకుమ తడిపి ఒక్కోదానికీ బొట్టు పెడుతూ వచ్చి డిస్కుల దగ్గర ఆగింది.

"ఏంది అల్లుడా, ఇంత పెద్ద పెండ్లి ఈ అప్పళంలో పట్టిందా? నూనెలో ఏస్తే పొంగుతాదేమో సూడు!"

అందరం నవ్వాం. ఇప్పుడు మనకు అన్నం పెట్టేవి ఇవే గదా, వీటికీ బొట్టు ఉండాలని ఆమే అంది. మెరిసే వైపు కిందికి ఉండేలా గుడ్డ మీద పరిచింది నేను. ఆమె ఓపిగ్గా అన్నింటికీ బొట్టు పెట్టింది.

రెండు ఎండాకాలాలు గడిచాక మోక ఊరి నుంచి ఒక రైతు వచ్చాడు. తండ్రి పోయాడట. ఇల్లు కారి పెళ్లి ఆల్బం తడిసి, ఫోటోలు ఒకదానికొకటి అంటుకుపోయాయట. చెల్లెలి పెళ్లిలో మేము తీసింది తప్ప ఆయన ఫోటో ఇంకొకటి లేదు. "మా నాయన మొగం ఒగటి పెద్దగ చేసియ్యప్పా, గోడకి ఏసుకుంటాం" అన్నాడు. డిస్కు పెట్టాను. రైటర్ మూలిగి మూలిగి బయటికి తోసేసింది. మళ్లీ పెట్టినా అంతే. వెలుతురుకు ఎత్తి చూస్తే బొట్టు దగ్గర పూత లేచిపోయి, అవతలి వెలుగు కనిపించింది. మామకు భోజనం క్యారియర్ తెచ్చిన అత్త అక్కడే నిలబడి ఉంది. కుంకుమలో సున్నం ఉంటుందనీ, అదే పూతను తినేసిందనీ నేను వెంటనే, ఎంతో తెలిసినవాడిలా చెప్పాను. అత్త తన వేలి వైపు చూసుకుంది.

ఆ రైతే ఆమెను ఓదార్చాడు. "పోనీలేమ్మా, నువ్వు పూజ చేసిండేది మా మంచికే గదా." తర్వాత నా వైపు తిరిగి, "ఇంగ యాడా ల్యాదా అప్పా?" అని అడిగాడు. లేదన్నాను.

మరునాడు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు, ఆ దసరా తర్వాత రాసిన డిస్కులు తీశాను. వాటి మీద బొట్టు లేదు, అత్త చెయ్యి వాటికి తగలనే లేదు. అవీ తెరుచుకోలేదు. ఎత్తి చూస్తే జల్లెడలో నుంచి పడినట్టు వెలుతురు పడింది. తప్పు కుంకుమది కాదు, నేను ఏరికోరి తెచ్చిన డిస్కులది, ఆ గది ఎండది, సరిచూడని నా తొందరది. ఆ పూటే అత్తతో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మంచి డిస్కులు తెచ్చి, నెమ్మదిగా రాసి, రెండేసి కాపీలు పెట్టడం మొదలుపెట్టాను. నా జాగ్రత్తను మామ నలుగురిలో మెచ్చుకున్నాడు, నేను తల వంచుకుని ఆ మెప్పునూ తీసుకున్నాను.

ఆ తర్వాత ఏ ఆయుధపూజకూ అత్త దేనికీ బొట్టు పెట్టలేదు. పళ్లెం తెచ్చి మామ చేతికిచ్చి గడప దగ్గర నిలబడేది. ఇంట్లోకి కొత్త మిక్సీ వచ్చినా అంతే. "నీ చెయ్యి తగిలితే మిక్సీ కూడా చెరిగిపోతాదేమో" అని మామ ఎగతాళి చేస్తే ఆమె నవ్వేది, నేను మాత్రం నవ్వలేకపోయేవాణ్ణి. పని మీద మోక మీదుగా ఎన్నోసార్లు వెళ్లాను గాని, ఒక్కసారీ ఆ ఊళ్లో బస్సు దిగలేదు.

మామ పోయి చాలా కాలమైంది. స్టూడియో ఉన్నచోట ఇప్పుడు మొబైల్ ఫోన్ల దుకాణం ఉంది. మా అమ్మాయికి, ఫోన్ చేసిన మరునాడే, చెప్పాల్సినవన్నీ చెప్పాను. మందమైన పూత ఉన్నవి తీసుకోమనీ, నెమ్మదిగా రాయమనీ, రాశాక సరిచూడమనీ, రెండు కాపీలు రాసి ఒకటి మా ఇంట్లో పెట్టమనీ, ఎండ తగలనివ్వొద్దనీ. చివరికి నేనే వెళ్లి రైటరూ డిస్కులూ కొన్నాను. ఈ రోజుల్లో అవి దొరకడమే కష్టం, దుకాణంలోని కుర్రవాళ్లు నన్ను వింతగా చూశారు. కొన్నవాటితో నేరుగా అత్త ఇంటికి వెళ్లి, ఇన్నేళ్లు దాచింది చెప్పాను.

ఆమె కోపం లేని గొంతుతో, "అట్లయితే ఇన్ని పండగలు నేను సుమ్నే, ఊరికినే ఉత్తచేతుల్తో నిలబడితినా అప్పా?" అంది. ఆ వెంటనే మళ్లీ ఆమే, "ఆ మోక ఆయప్పకి సెప్పినావా?" అని అడిగింది. లేదని తల ఊపాను. "పో, సెప్పిరా" అంది.

కుంకుమబరిణె తెమ్మంటే తెచ్చాను. రైటర్ మూత మీద బొట్టు పెట్టింది. అలవాటు తప్పిన వేలు కదా, అది పక్కకు జారింది. డిస్కు తీసి ముందు పెట్టాను. వేలు దానిదాకా వచ్చి, ఆగి, వెనక్కి పోయింది. దీనికి వద్దులే అంది.

ఇప్పటివాళ్ల ఫోటోలు ఎక్కడో కంటికి కనపడని చోట ఉంటాయట. పోవని అంటారు, నిజమే కావచ్చు. కాని బొట్టు పెడదామంటే వాటికి నుదురు లేదు, ఎవరైనా ఫోటో అడగడానికి వస్తే చెయ్యి పెట్టి వెతకడానికి పెట్టె లేదు. రేపు మోక బస్సెక్కుతాను, ఆ రైతు ఉన్నాడో లేడో తెలియదు. అమ్మాయికి ఇవ్వాల్సినవి బల్ల మీద ఉన్నాయి. రైటర్ మీద ఒక బొట్టు వంకరగా ఉంది. డిస్కులు మాత్రం బోసిగానే ఉన్నాయి.