గోరువెచ్చని నీళ్లు పోసిన అక్క

నాకు మనవరాలు పుట్టింది! పెళ్లయిన ఇన్నేళ్లకు మా అమ్మాయి ఒడిలో ఒక పాప ఆవులిస్తోంది, అది చూసి నేను ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను. ఈ మాట గోడ మీదుగా కేకవేసి మొట్టమొదట చెప్పాల్సిన మనిషి, మా పక్కింటి అక్క, పోయిన నెల చనిపోయింది. అందుకే కాగితం మీద కేకవేస్తున్నాను. అక్కా, ఆడపిల్ల!

ఆ రోజు పొద్దున అక్క పాలు కాచి, చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగిందట. అంతే. పోయేటప్పుడు గ్లాసు కడిగే పని కూడా ఎవరికీ పెట్టలేదు. వాళ్ల కోడలు గోడ దగ్గరకు వచ్చి "మామయ్యా" అంది. అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు అర్థమైపోయింది.

నేను ఏడో తరగతితో ఆగిపోయినవాణ్ణి. నారాయణగూడలో ఒక బట్టల దుకాణంలో బట్ట కొలిచి చింపుతూ బతుకు వెళ్లదీశాను. పెద్ద పెద్ద మాటలు నాకు రావు. చనిపోయినవాళ్ల గురించి రాసేటప్పుడు శాంతమూర్తి అనీ, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదనీ రాస్తారు. అక్క గురించి అలా రాస్తే ఆమె వచ్చి నా చెవి మెలిపెడుతుంది. మా అక్క పగబట్టే మనిషి. పగ తీర్చుకునే మనిషి. ఆ పగ పుణ్యమే నా మనవరాలు ఇవాళ మా చిక్కడపల్లి ఇంట్లో నిద్రపోవడం.

అక్క చేతుల గురించి ముందు చెప్పాలి. మా గల్లీలోనూ, అటు అశోక్‌నగర్‌లోనూ ఏ ఇంట్లో పురుడు వచ్చినా నీళ్లు పోయడానికి అక్కనే పిలిచేవారు. ఒక చెక్కపీట చంకలో పెట్టుకుని వచ్చేది. పీట మీద కూర్చుని కాళ్లు చాపుకుని, పసిగుడ్డును ఆ కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండి నలిచి, నీళ్లు పోసేది. ఏడ్చే బిడ్డ ఆమె కాళ్ల మీదే నిద్రపోయేది. అలా ఆమె కాళ్ల మీద పెరిగినవాళ్లు ఇవాళ పొట్టలు పెంచుకుని హాస్టళ్లు నడుపుతున్నారు.

ఇక ఆమె పగ. ఒకసారి మార్కెట్‌లో కూరగాయలామె సంచి అడుగున కుళ్లిన టమాటాలు వేసింది. అక్క తిట్టలేదు. ఆ టమాటాలతోనే పచ్చడి నూరి, వేడి వేడి జొన్నరొట్టె మీద పెట్టుకుని ఆమె దగ్గరకు వెళ్లింది. "నీ టమాటలే చెల్లె, నీకు పెట్టక ఎట్ల తింట? నా ముంగట తిను" అని కూర్చుంది. ఆమె రెండు చేతులూ జోడించింది. ఆనాటి నుంచి మా గల్లీ మొత్తానికి మంచి టమాటాలు.

"తిట్టుడు ఉత్త గాలి, తమ్మీ" అనేది నాతో. "తిడితె వాని చెవులకు పని. మనకు కావలసింది వాని చేతులకు పని."

ఇప్పుడు మా ఇంటి సంగతి. మాది పాత ఇల్లు. స్నానాల గది వెనక వాకిట్లో, వంటింటిని ఆనుకుని, రెండు మెట్లు దిగితే ఉండేది. పాచి పట్టిన బండలు, చీకటి. మా అమ్మాయి ఎన్నో ఆస్పత్రులు తిరిగి, ఆశ వదులుకున్న తర్వాత కడుపుతో అయింది. మంచం దిగితేనే మా గుండెలు దడదడలాడే రోజులు. తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకురావాలి కదా. మా వియ్యంకురాలు వచ్చి ఆ మెట్లు చూసి, మా ఇంటామెతో పద్ధతిగానే చెప్పింది. "వదినా, కోపం చెయ్యకుండ్రి. ఈ మెట్లు దిగి స్నానం చేసే ఇంటికి నేను కోడల్ని పంప. బాత్‌రూం మంచిగ చేయించుండ్రి, నేనే తోలుకొస్త."

న్యాయమైన మాట. మెట్లు పూడ్చి, నేల ఎత్తు చేసి, కొత్తగా కట్టించాలనుకున్నాం. అశోక్‌నగర్‌లో చదువుకునే పిల్లల హాస్టళ్లకు పని చేస్తాడని ఒక కాంట్రాక్టర్‌ను ఎవరో చెప్పారు. బండి మీద వచ్చాడు, నల్ల కళ్లద్దాలు. "కాకా, ఫికర్ చెయ్యకు. ఫైవ్ స్టార్ లెక్క చేస్త" అన్నాడు.

టైల్స్ తళతళలాడాయి. నేను మురిసిపోయాను. మొదటి బకెట్ పోశాను. నీళ్లు మూలన తూము మీదున్న జాలీ వైపు వెళ్లాలి కదా? వెళ్లలేదు. కాసేపు ఆలోచించుకున్నట్టు నిలబడి, తలుపు వైపు తిరిగి, గడప దాటి, వంటింట్లోకి వచ్చాయి. వాలు తలకిందులుగా పెట్టాడు. టైల్స్ వేయకముందే నీళ్లు పోసి చూడమని నేను అడిగితే "గవన్ని పాత పద్ధతులు కాకా" అని నవ్వినవాడు అతనే.

పిలిస్తే పిలిస్తే ఒకరోజు వచ్చాడు. బూట్లతోనే నీళ్లలో నిలబడి అన్నాడు. "ఏడికి పోతయి కాకా, ఆరిపోతయి. నీ ఇల్లే వంకర. నేనేం చేస్త?" బండికి కట్టి తెచ్చిన, నేల మీది నీళ్లు తోసే కొత్త వైపర్ ఒకటి విప్పి గోడకు ఆనించాడు. "ఇదిగో, నా తరఫున గిఫ్ట్. స్నానం చేసినంక నూకుడే."

వైపర్ గిఫ్ట్! నిండు గర్భిణి స్నానం చేసి, వంగి నీళ్లు నూకాలట! ఆ వారమే వియ్యంకురాలు వచ్చింది. తడి టైల్ మీద కాలు పెట్టి, తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది. వెళ్లేటప్పుడు "కాన్పు మా ఇంట్లనే చేస్తం, వదినా" అంది. మా ఇంటామె ఆ రోజంతా ఆ వైపర్‌తో నీళ్లు నూకుతూనే ఉంది. నీళ్లు లేకపోయినా నూకింది.

గోడ అవతల నుంచి అక్క అంతా విన్నది. వచ్చి నేల చూసింది, వైపర్ చూసింది. వైపర్ దగ్గర చాలాసేపు ఆగింది.

"తమ్మీ, పని అయినంక మేస్త్రికి బట్టలు పెట్టినవా?"

"బట్టలా! చెప్పు విసురుదామనుకున్న అక్కా."

"తప్పు. మేస్త్రికి బట్టలు పెట్టకపోతె ఇంటికి మంచిది గాదు. శుక్రవారం పెడదాం. నలుగు పెట్టి, తానం చేయించి, బట్టలు పెడదాం. పెండ్లికొడుకు లెక్క."

ఆమె కళ్లలో మెరుపు చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. టమాటా పచ్చడినాటి మెరుపు అది.

అక్క తనే కబురు పెట్టింది. నాకు కోపం పోయిందనీ, పనిమంతుణ్ణి గౌరవిస్తామనీ, పెద్ద పెద్ద హాస్టళ్ల ఓనర్లు కూడా వస్తున్నారనీ చెప్పించింది. ఓనర్లు నిజంగానే వచ్చారు. అక్క పిలిస్తే రాకుండా ఎవరుంటారు? అందరికీ పుట్టిననాడు నీళ్లు పోసింది ఆమే. వాళ్లను చూడగానే కాంట్రాక్టర్ నడకే మారిపోయింది. "కొత్త హాస్టల్ కడుతున్నరట గద అన్నా" అంటూ ఒక్కొక్కరికీ చేయి కలిపాడు.

"అల్లుడా, దా, కూసో" అంది అక్క, తన పీట కొత్త బాత్‌రూం నట్టనడుమ వేసి. "నువ్వు కట్టిన తానంగది. ముందుగాల నువ్వే తానం చెయ్యాలె. గిది మా పద్ధతి."

అలాంటి పద్ధతి చిక్కడపల్లిలో లేదు, ఎక్కడా లేదు. ఆమె అప్పటికప్పుడు పుట్టించింది. అతను మొహమాటపడ్డాడు. "ఇంతమంది ముంగట ఎందుకు పెద్దమ్మా" అన్నాడు. ఓనర్లలో ఒకడు "కూసో అన్నా, మేమంత ఆ పీట దగ్గర పెరిగినోళ్లమే" అని నవ్వాడు. కాంట్రాక్ట్ ఆశ, పొగడ్త ఆశ. బనీను, లుంగీతో కూర్చున్నాడు.

నూనె పెట్టింది. చేతులకు నలుగు పెట్టింది. గొంతెత్తి ఒక పాట కూడా పాడింది. తర్వాత చిక్కటి కుంకుడు రసం నెత్తిన పోసి రుద్దింది. రసం కళ్లలోకి దిగింది.

"పెద్దమ్మా, కండ్లు మండుతున్నయి! నీళ్లు!"

"పోస్త బిడ్డా." గోరువెచ్చగా పోసింది.

"ఇంకా! ఇంకా పొయ్యి!"

"ఎన్ని కావాల్నంటె గన్ని పోస్త. నీళ్లు ఎటు పోతున్నయో జర చెప్పు."

"జాలీలకే పోతయి గద! పొయ్యి పెద్దమ్మా!"

బకెట్ మీద బకెట్ మా ఇంటామె అందిస్తోంది. అంత హుషారుగా ఆమెను మా పెళ్లినాడు కూడా చూడలేదు. నురగతో నీళ్లు పీట చుట్టూ తిరిగి, జాలీకి వీపు చూపించి, గడప దాటి, నేరుగా హాస్టల్ ఓనర్ల పాదాల మీదికి వచ్చాయి. వాళ్లు ఒకరి తర్వాత ఒకరు కాళ్లు ఎత్తారు. గడప దగ్గర పళ్లెంలో పెట్టిన కొత్త బట్టలు మెల్లగా తేలాయి.

కాంట్రాక్టర్ కళ్లు తెరిచాడు. మడమలు మునిగి ఉన్నాయి. ఎదురుగా అందరూ.

"అన్నా," అన్నాడు ఆ నవ్విన ఓనరే, ప్యాంటు మడుచుకుంటూ, "మా హాస్టల్ల పోరగాండ్లు పరీక్షలకు చదువుతున్నరు, ఈతకు గాదు."

అక్క అప్పుడు తీసింది వైపర్. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, తడిసిన బట్టల మీద ఉంచి, పళ్లెం రెండు చేతులతో అతనికి అందించింది. "తీస్కో అల్లుడా. నువ్వు ఇచ్చిన గిఫ్టే. స్నానం చేసినంక నూకుడే."

నేను నవ్వాను. కడుపు పట్టుకుని, గోడ పట్టుకుని నవ్వాను. ఇప్పుడు రాస్తూ కూడా నవ్వుతున్నాను. ఇలాంటి సంతోషం పాపమని ఎవరైనా అంటే, వాళ్ల వంటింట్లోకి నీళ్లు రాలేదన్న మాట.

తర్వాత నేను అక్కను అడిగాను, అంత మంట మీద ఉండి గోరువెచ్చని నీళ్లు ఎందుకు పోశావని.

"చల్లనీళ్లు పోస్తె లేచి ఉరుకుతడు. వేడివి పోస్తె మనది తప్పయితది. పగ తీర్చుకునేటప్పుడు నీళ్లు గోరువెచ్చగనే ఉండాలె తమ్మీ. వాడు సుఖంగ కూసోవాలె గద."

కొత్త హాస్టల్ పని అతనికి ఇవ్వాలంటే ముందు మా ఇంట్లో నీళ్లు జాలీలోకి పోవడం చూడాలన్నారు ఓనర్లు. మర్నాడే వచ్చి టైల్స్ పగలగొట్టాడు. మేస్త్రీలను వదిలేసి వెళ్లకుండా తనే దగ్గరుండి వాలు తిరగవేయించాడు. ఎందుకంటే గడప బయట కుర్చీ వేసుకుని అక్క కూర్చుంది. పని నడిచినన్ని రోజులూ కూర్చుంది, పత్తి వత్తులు చేసుకుంటూ. అతను తల ఎత్తినప్పుడల్లా "ఏంది అల్లుడా, కండ్లు మండుతున్నయా?" అని అడిగేది. అతని చాయ్‌లో చక్కెర వేయవద్దని నేను మా ఇంటామెకు చెప్పాను. ఆమె వేసింది. ఆమెది మెత్తని మనసు. నాది కాదు.

వియ్యంకురాలు మళ్లీ వచ్చింది. తనే బకెట్ నింపి పోసింది. నీళ్లు నేరుగా జాలీ దగ్గరకు వెళ్లి, గుటకవేసినట్టు దిగిపోయాయి. "ఎప్పుడు తోల్కరావాలె, చెప్పుండ్రి" అంది.

మా అమ్మాయి వచ్చింది. అక్క రోజూ వచ్చి దాని పాదాలకు నూనె రాసేది. తన పీటను మాత్రం ఇంటికి తీసుకుపోలేదు. తీసుకెళ్లమంటే "ఎందుకు మోసుడు? బిడ్డ వస్తది గద, ఈడనే ఉండనియ్యి" అనేది. ఆ కాంట్రాక్టర్ సంగతి మర్చిపోతే మనసుకు మంచిదని ఒకరోజు మా అమ్మాయి ఏదో చెప్పబోతే, "మర్చిపోయినోళ్ల ఇండ్లల్లనే నీళ్లు నిలుస్తయి బిడ్డా" అంది. అదే నేను విన్న ఆమె చివరి మంచి మాట.

అక్కను సాగనంపిన రోజు కాంట్రాక్టర్ కూడా వచ్చాడు. గేటు దగ్గర తడికళ్లతో నిలబడ్డాడు. కుంకుడు రసం లేకుండానే. జాలిపడాల్సింది నేను. పడలేదు. అక్క నేర్పిన విద్య ఒక్క రోజులో వదిలేస్తానా?

నిన్న పాపకు మా ఇంట్లో మొదటి స్నానం. నీళ్లు ఎవరు పోస్తారని అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మా ఇంటామె మోకాళ్లు వంగవు. అయినా ఆమే లోపలికి వెళ్లి, అక్క పీట మీద కూర్చుని, ఆ మొండి మోకాళ్లను బారుగా చాపింది. కాళ్లు చాపడానికి మోకాళ్లు వంగనక్కరలేదు కదా! పాప కాసేపు ఏడ్చి, ఊరుకుంది. నేను గడప బయట నిలబడ్డాను. సున్నిపిండి కలిసిన నీళ్లు పీట కింది నుంచి సన్నటి గీతలా బయలుదేరి, మూలకు తిరిగి, జాలీలోకి దిగిపోయాయి. నా పాదాలు పొడిగా ఉన్నాయి. ఆ పొడి పాదాలను చూసుకుంటూ ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు.

ఇక ఇది చదివినవాళ్లు ఈ కబురు అందరికీ చేరవేయాలి. పాలమూరులో ఉన్న అక్క తమ్ముడికి చెప్పాలి. బాగ్ లింగంపల్లిలో ఉన్న ఆమె ఆడపడుచుకు, కొంచెం గట్టిగా, ఆమెకు వినపడదు. దోమలగూడలో ఉన్న మా పెద్దక్కకు. మా తోడల్లుడికి. వియ్యంకురాలి తరఫు వాళ్లకు ఆమే చెప్పుకుంటుంది. అక్క కాళ్ల మీద పెరిగిన హాస్టల్ ఓనర్లకు, వాళ్లూ బంధువులే. ఆఖరున, అక్క నోరారా అల్లుడని పిలిచిన కాంట్రాక్టర్‌కు. పాపను ఊయలలో వేసే తొట్టెల పండుగకు తప్పకుండా రమ్మనండి. పీట వేసే ఉంది. కుంకుడుకాయలు నేనే కొట్టి నానబెడతాను. నీళ్లు గోరువెచ్చగానే ఉంటాయని చెప్పండి.