టైరుకు కాపడం

మనిషి తన పరువును తన చేతులతోనే వేడినీళ్లు పోసి కడిగేసుకోవడం మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇలా కూర్చోండి. నేను కడుక్కున్నాను. అదీ తెల్లారకముందే లేచి.

మాది కర్నూల్లో స్టీలు పాత్రల అంగడి. గుండిగల మధ్య పుట్టి చెంబుల మధ్య పెరిగినవాణ్ణి. నాకు నడక కంటే ముందు బేరం వచ్చిందని మా అమ్మ అంటుంది. రెండు జోలపాటలు పాడితే మూడోది కొసరు అడిగేవాణ్ణట. అలాంటి నేను మూడేళ్ల కిందట హైదరాబాదులో ఒకాయన దగ్గర పాత స్పోర్ట్స్ కారు కొన్నాను. ఎందుకు కొన్నావని అడక్కండి. ఆయన చెప్పినదాంట్లో సగానికి అడిగాను, ఆయన సరేనన్నాడు. అంత మాట అన్నాక కొనకపోతే మర్యాదగా ఉంటుందా?

ఎర్రటి కారు. బల్లిలా నేలకు అతుక్కుని ఉంటుంది. రెండే సీట్లు. ఇంట్లో నాన్న, అమ్మ, నా భార్య పద్మ, మా పాప, నేను. కర్నూలు పక్కనే కల్లూరులో మా ఇంటి దారిలో ఉన్న స్పీడ్ బ్రేకర్లన్నిటికీ అది సాష్టాంగపడుతూ పోయేది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ముచ్చటపడి ఒక్కసారి ఎక్కించాను. ఎక్కడం సులువే, పడినట్టు ఎక్కింది. దించడానికి మాత్రం నాన్న, నేను, పాలాయన, ముగ్గురం చెయ్యి వేయాల్సి వచ్చింది. ఆ రోజే నాన్న తీర్పు చెప్పేశాడు.

"అమ్మేయ్‌రా రాఘవా. మీయమ్మ తనంతట తాను దిగే బండి కొను."

అమ్మకానికి పెట్టిన సమయంలోనే చలికాలం వచ్చింది. కర్నూల్లో చలేమిటని నవ్వకండి. మేలో మమ్మల్ని వేయించే దేవుడే డిసెంబరు వేకువన కాస్త ఆరబెడతాడు. అలాంటి ఒక పొద్దున, మా ఇరుకు సందులోకి మలుపుకోవడానికి స్టీరింగు చివరికంటా తిప్పాను. ముందు చక్రాలు దడదడదడమని ఎగిరాయి! కుంటి గుర్రాన్ని బలవంతంగా పెళ్లి ఊరేగింపులో నడిపించినట్టు కారంతా వణికింది. ఇంకోవైపు తిప్పితే అక్కడా అదే వణుకు.

గుండె జారి క్లచ్ మీద పడింది. నేరుగా మెకానిక్ ఖాజా భాయ్ షెడ్డుకు పోయాను. ఆయన చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి, టైరును గోటితో నొక్కి చూసి, బీడీ వెలిగించాడు.

"ఏమీ లేదప్పా. ఇది ఎండకు తయారుచేసిన రబ్బరు. చలికి బిర్రెక్కుతాది. టైరేమో ఇంత వెడల్పు. నువ్వు స్టీరింగు పూర్తిగా తిప్పితే లోపలి చక్రం ఒక దోవ, బయటి చక్రం ఇంకో దోవ పట్టల్ల. మెత్తగా ఉంటే సర్దుకుంటాది, బిర్రుగా ఉండాది కాబట్టి ఈడ్చుకోని ఎగురుతాది. నాలుగు మైళ్లు తిరిగితే పోతాది."

"ఎంతివ్వాల భాయ్?"

"ఏమి చేసినానని ఇస్తావు? పో."

నాకు అక్కడే అనుమానం వచ్చింది. దుడ్లు అడగని మెకానిక్కా! ఊరికే వచ్చిన మాట ఊరికే పోతుందని అంగట్లో పెరిగినవాడికి తెలియదా? రిపేరుకు లొంగని పెద్ద జబ్బేదో ఉండి, నా మొహం చూసి జాలిపడి దాచాడనుకున్నాను.

ఇంటికొచ్చి అమ్మతో చెబితే ఆమె మోకాలి మీద ఉప్పు మూట అద్దుకుంటూ, "నా మోకాళ్లు గూడా పొద్దున్నే అట్లనే అంటాయి గదరా. ఎండెక్కితే పోతాది" అంది. అదీ ఊరికే చెప్పిన మాటే. అదీ నమ్మలేదు.

ఇంతలో కడప నుంచి బేరం తగిలింది. ఓబులేసన్న నాపరాళ్ల వ్యాపారి, నాన్నకు పాతికేళ్ల స్నేహితుడు. ఫోనులో ఒక్కటే అడిగాడు. "దాపరికం ఏమన్నా ఉండాదా అన్నా?" నాన్న రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు, ఫోనులో కనబడదని కూడా మరిచిపోయి. "ఒక్కటీ లేదు. నాది పూచీ."

ఈ పూచీ మాట మీకు కాస్త విప్పి చెప్పాలి. గిన్నెలో సొట్ట ఉంటే, కొనేవాడి వేలు దాని మీదికి పోయేలోపు మన వేలు పోవాలని నాన్న సిద్ధాంతం. సొట్ట చూపించి అమ్మే అంగడని ఆయనకు పేరు. నా సిద్ధాంతమూ దాదాపు అదే. మన వేలు ముందే పోవాలి, పోయి అక్కడే ఉండిపోవాలి. ఇప్పుడు కారు వణికితే నాన్న నలభై ఏళ్ల మాట వణికినట్టే. దాన్ని కాపాడే భారం నాలాంటి సమర్థుడి మీద పడింది. ఇంటికి ఇంతకంటే పెద్ద ప్రమాదం ఏముంటుంది?

ఓబులేసన్న సోమవారం వస్తానన్నాడు. ఏడున్నరకు రాహుకాలం, అంతకుముందే తేల్చుకోవాలన్నాడు. అంటే గడ్డకట్టే చలిలో!

బండిని నాలుగు వీధులు తిప్పితే టైర్లు వేడెక్కవా అని మీరడగొచ్చు. అక్కడే చూడండి నా తెలివి. పాత బండి కొనేవాడు మొదట బానెట్ మీద చెయ్యి పెడతాడు. వేడిగా ఉంటే, పొద్దున్నే స్టార్టు కాక తిప్పలు పడ్డారనుకుంటాడు. కాబట్టి ఇంజను చల్లగా ఉండాలి, టైర్లు మాత్రం వెచ్చగా ఉండాలి.

ఐదింటికే లేచాను. అంగడి నుంచి తెచ్చిన కొత్త గుండిగ నిండా నీళ్లు కాచి, ముందు టైర్లకు తలంటి పోశాను. తుడిచాను. గొంగళ్లు చుట్టాను. గొంగళి అందని చోట అమ్మ ఉప్పు మూటను పెనం మీద వేడి చేసి అద్దసాగాను. పద్మ ఆవలిస్తూ గడపలోకి వచ్చింది.

"ఏం చేస్తాండావు?"

"కాపడం పెడతాండా."

"ఎవరికి?"

"ముందర కుడి టైరుకు."

ఆమె గుండిగలోకి తొంగి చూసింది. "నా కాన్పప్పుడు ఒక్కసారన్నా ఇట్ల నీళ్లు కాచినావా? సాంబ్రాణి గూడా వెయ్యి, జలుబు చేస్తాది పాపం" అని లోపలికి పోయింది.

ఆరున్నరకు ఓబులేసన్న వచ్చాడు. మఫ్లరు చుట్టుకున్న భారీ మనిషి. అనుకున్నట్టే బానెట్ మీద చెయ్యి పెట్టి, "సల్లగా ఉండాది. మంచిది" అన్నాడు. నాన్న నావైపు గర్వంగా చూశాడు. నేను వినయంగా నేల చూశాను. ఓబులేసన్న ఎక్కి, స్టీరింగు చివరికంటా తిప్పి, మెల్లగా పోనిచ్చాడు.

సద్దు లేదు. నెయ్యి మీద వేలు జారినట్టు తిరిగింది. మనసులో నా భుజం నేనే తట్టుకున్నాను.

ఓబులేసన్న మొహం చిట్లించాడు. ఇంకోవైపు తిప్పాడు. అటూ సద్దు లేదు. దిగాడు.

"ఏమప్పా, ఇది ఎగరదే?"

"ఎగరడమేమి అన్నా?"

"నా దగ్గర ముందర ఇట్లాంటిదే ఉండె. చలిలో ఈ మాత్రం తిప్పితే మేకపిల్ల మాదిరి ఎగురుతాండె. అసలు టైర్లయితే ఎగరల్ల. ఎగరలేదంటే టైర్లన్నా మార్చినారు, లేకుంటే ముందర యాడన్నా గుద్ది చక్రాల లెక్క తప్పించినారు."

నేను అడ్డం పడ్డాను. "లేదన్నా! ఎగురుతాది! శానా బాగా ఎగురుతాది! నిన్న గూడా ఎగిరింది!"

లోకంలో ఏ వ్యాపారైనా తన సరుకు వణుకుతుందని ప్రమాణం చేస్తాడా? నేను చేశాను. పాలకొట్టుకు పరిగెత్తి ఐసు సంచులు తెచ్చి టైర్ల మీద కుమ్మరించాను. కాపడం పెట్టనేల, ఐసు పోయనేల! నేనే ఎక్కి అటూ ఇటూ తిప్పాను. "ఎగరవే తల్లీ, ఒక్కసారి ఎగురు" అని స్టీరింగును బతిమాలాను. అది మాత్రం పెళ్లిచూపుల్లో పిల్లలా ఒద్దికగా తిరిగింది. వణికేది నేనొక్కణ్ణే. ఈలోగా ఎండ కూడా ఎక్కింది.

ఓబులేసన్న వంగి టైరు మీద చెయ్యి పెట్టాడు. "బానెట్టు సల్లగా ఉండాది, పైన ఐసు పోసినావు, అయినా లోపల వెచ్చగా ఉండాదే?" వేలు నాకి చూశాడు. "ఉప్పగా గూడా ఉండాది!"

సరిగ్గా అప్పుడే అమ్మ గోడ పట్టుకుని బయటికి వచ్చింది.

"ఒరే రాఘవా, నా కాపడం మూట యాడ పెట్టినావురా? మోకాళ్లు లాగుతాండాయి."

మూట కుడి టైరు వెనకాల ఉంది. అందరి కళ్లూ అక్కడికే పోయాయి. నాన్న దాన్ని తీసి, వాసన చూసి, నావైపు చూశాడు. తేలు కుట్టిన దొంగకైనా కదలడానికి నాలుగు అడుగుల చోటుంటుంది. నేను ఆ రెండు సీట్ల బండిలో ఇరుక్కుపోయాను. దిగకుండానే మొత్తం చెప్పేశాను, ఖాజా భాయ్ మాటతో సహా.

ఓబులేసన్న కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వడం అయ్యాక మఫ్లరు సర్దుకున్నాడు. "లేని తప్పునే ఇంత బాగా దాచినావే, ఉన్న తప్పులు ఎంత బాగా దాచినావో నాకేం తెలుసప్పా? వస్తానన్నా." వెళ్లిపోయాడు.

నాన్న నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే సగానికి బేరమాడేవాణ్ణి. ఆ వారమంతా అంగట్లో ఎవరు ఏ గిన్నె పట్టుకున్నా, "దీంట్లో సొట్ట యాడుందో మా వానికి చెప్పలేదు, వాడు దాచకముందే చూసుకో" అని మాత్రం అనేవాడు. పాతికేళ్ల స్నేహితుడికి ఫోను చేయడానికి ఆయనకు నాలుగు రోజులు పట్టింది. చేసి ఒకటే అన్నాడు. "మావాడు ఎర్రోడే గాని దొంగ కాదు ఓబులేసు. దీనికి గూడా నాదే పూచీ."

మరుసటి సోమవారం ఓబులేసన్న వచ్చాడు. కారు రాత్రంతా మంచులో నిలబడి ఉంది. స్టీరింగు తిప్పగానే దడదడదడ! నా చెవులకు మంగళవాయిద్యాల్లా వినిపించింది. నాన్న కళ్లు తుడుచుకున్నాడు, చలికని చెప్పాడు. ధర మాట్లాడేటప్పుడు నన్ను నోరు తెరవనివ్వలేదు. కారుకున్న ప్రతి గీతా నా చేతనే వేలు పెట్టి చూపించాడు. చూపించిన ప్రతిసారీ వేలు అక్కడ ఉండిపోకుండా వెనక్కి తీయించాడు.

ఇప్పుడు ఇంటిముందు ఎత్తయిన బండి ఉంది. అమ్మ తనంతట తాను దిగుతుంది. ఆమె ఉప్పు మూట మీద కుడిచెయ్యి వేసి నేను చేసిన ప్రమాణం ఇది: ఈ జన్మలో రబ్బరుతో చేసిన ఏ వస్తువుకూ కాపడం పెట్టను, లేని సొట్టను దాచను, ఊరికే వచ్చింది కదా అని ఏ సలహానూ నమ్మకుండా ఉండను. ఈ చివరిదాన్ని వెంటనే అమలు చేద్దామని ఖాజా భాయ్ దగ్గరికి పోయి, ఆ రోజు మాటకు ఫీజు తీసుకోమన్నాను. మొహమాటపడి వంద అడిగాడు.

అరవైకి ఒప్పించాను.

అమ్మ మోకాలు మాత్రం ఇప్పటికీ టైరు వాసన వస్తోందట.