సిమెంటు లారీ ఎక్కిన తాపీ అక్క

పాతికేళ్ళుగా ఊరందరి గోడలూ లేపిన ఆ మనిషిని పేటలో అందరూ తాపీ అక్క అనేవారు. ఆమె సొంత గోడలు మాత్రం కిటికీల ఎత్తుకు వచ్చి ఆగిపోయాయి. నెలకో రెండు బస్తాల సిమెంటు కొనేసరికి చేతిలో చిల్లిగవ్వ మిగిలేది కాదు. కోడలు కట్టేది ఇల్లు కాదు, ప్రహరీ గోడ అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది.

ఒక సోమవారం బస్తా ధర మళ్ళీ పెరిగింది. ఆమె కొట్టుకెళ్ళి షావుకారును నిలువుదోపిడీ చేస్తున్నావని కడిగేసింది. ఆయనకు ఉక్రోషం వచ్చింది.

"నేను తినేది ఎంతమ్మా? నమ్మకపోతే రేపు రేవుకెళ్ళే లారీ ఎక్కి నువ్వే చూసుకో."

మాటవరసకు అన్నాడాయన. ఆమె మర్నాడు తెల్లారేసరికి సద్దిమూటతో లారీ దగ్గర నిలబడింది.

రేవులో పైదేశం నుంచి వచ్చిన సిమెంటు ఓడ తొమ్మిది రోజులుగా ఆగి ఉంది. సరుకు దించే క్రేను ఒక్కటే. ఓడ ఊరికే నిలబడ్డ ప్రతి రోజుకూ అద్దె కట్టాలని, అదంతా బస్తా నెత్తినే పడుతుందని డ్రైవరు చెప్పాడు. మన కొండల నిండా సున్నపురాయే కదా, ఇక్కడే చేసుకోవచ్చుగా అని ఆమె అడిగింది.

"రాయి ఉంటే సరిపోదక్కా. రోజంతా కరెంటుండాలి, ఫ్యాక్టరీ పెట్టేవాడికి తక్కువ వడ్డీకి అప్పు పుట్టాలి" అన్నాడతను.

తిరుగుదారిలో గోతులకు ఒళ్ళు హూనమైంది. కూలిన వంతెన దగ్గర సరుకంతా దించి చిన్న లారీల్లోకి ఎక్కించాల్సి వచ్చింది. కూలీలు విసిరేస్తుంటే బస్తాలు పిగిలిపోతున్నాయి. ఆమె చూస్తూ ఊరుకోలేకపోయింది. కొంగు బిగించి, బస్తాలను అడ్డంగా నిలువుగా ఎలా పేర్చాలో దగ్గరుండి చూపించింది. ఆ విడత చిరిగినవి నాలుగే. ఎప్పుడూ ముప్పైకి తగ్గవని డ్రైవరు నోరెళ్ళబెట్టాడు.

ఊరు చేరగానే షావుకారు దగ్గరకు వెళ్ళి, తొందరపడి నోరు జారానని ఒప్పుకుంది. ఆ మాట నలుగురి ముందు అనడానికి ఎంత గుండె కావాలో ఆయనకు తెలుసు. కుర్చీ వేయించాడు. పేటలో సగంలో ఆగిన ఇళ్ళు పద్నాలుగు ఉన్నాయని, అందరూ కలిసి వానలకు ముందే ఒక లారీ సరుకు తెప్పించుకుంటే గోడౌను ఖర్చు, తేమకు సిమెంటు గడ్డకట్టే నష్టం తప్పుతాయని ఆమె లెక్క చెప్పింది. అలాగైతే తన లాభం తగ్గించుకుంటానని ఆయన ఒప్పుకున్నాడు.

కప్పుకు సిమెంటు తప్పదు. గోడలకు అంత సిమెంటెందుకు? ఎర్రమట్టిలో కాస్త సిమెంటు కలిపి, ఇనప అచ్చులో అదిమి, నీళ్ళు చల్లుతూ నీడన ఆరబెట్టిన ఇటుకలు చాలని ఆమె పేటవాళ్ళకు చెప్పింది. మళ్ళీ మట్టిగోడలా అని జనం మూతి ముడిచారు. ఆమె వాదించలేదు. తన గోడలు వాటితోనే పూర్తిచేసి, వానాకాలమంతా వాటికి పూత కూడా పూయకుండా వదిలేసింది. ఒక్క పెచ్చు కూడా ఊడలేదు.

ఆ ఏడు పేటలో ఆరిళ్ళకు కప్పు పడింది. వంతెన ఇంకా అలాగే ఉంది, బస్తా ధర మరో రెండుసార్లు పెరిగింది. అచ్చు మాత్రం ఒక్కరోజు ఖాళీగా ఉండటం లేదు. పై పేట ఆడవాళ్ళు వచ్చి ఆ ఇటుకలు చేయడం నేర్పమని అడిగితే, ప్రతి మట్టీ పనికిరాదు, ముందు మీ మట్టి తెచ్చి చూపించండని పంపింది.